బెల్జియం డాక్టరమ్మ గది బయట

తలుపు వేసేసింది. విసురుగా కూడా కాదు, మెల్లగా, నవ్వుతూ, నాకు చెయ్యి ఊపి మరీ వేసింది ఆ బెల్జియం డాక్టరమ్మ. శౌరి లోపల, నేను బయట. వాడికి ఇరవై రెండేళ్ళు, నేను పక్కన లేకుండా ఒక పరాయి మనిషి ఎదుట కూర్చోవడం ఇదే మొదలు. తల్లి వద్దు, తండ్రి వద్దు, అబ్బాయి ఒక్కడే రావాలి, గంట పడుతుంది అని సిస్టర్ లూర్దమ్మ చెప్పి, ఆవిడ మాట వీడికీ వీడి మాట ఆవిడకీ చెప్పడానికి తనూ లోపలికి వెళ్ళిపోయింది. నేనుంటే ఏం కొంప మునుగుతుందట? వాడి బదులు నేను జవాబులు చెప్పేస్తానని కాబోలు. చెప్పేస్తాను, అందులో అబద్ధమేముంది. ఎవరైనా "ఏరా శౌరీ, అన్నం తిన్నావా" అంటే "తిన్నాడండీ" అనేది నేనే, "ఏం కూర" అంటే "గోంగూర" అనేదీ నేనే. వాడు నవ్వుతాడు, పలకరింపు అయిపోతుంది. ఇప్పుడు లోపల ఏం అడుగుతోందో తెలియదు గానీ ఇక్కడ నా పెదవులు వాటంతట అవే కదులుతున్నాయి. మా ఆయన చూసి, నేనూ జపం చెప్పుకుంటున్నాననుకుని తృప్తిగా తల ఊపాడు. జపమా, నా బొందా.

వరండాలో బల్ల మీద ఆ చివర ఆయన, ఈ చివర నేను. మధ్యలో శౌరి కూర్చున్న చోటు ఖాళీ. ఏప్రిల్ ఎండ గచ్చు మీద పాకుతూ కాళ్ళ దాకా వచ్చింది. బెజవాడ ఎండ మా దివిసీమ ఎండలా కాదు, కొండలు కాగి కాగి ఆ సెగ అంతా ఊరి మీదికే వదులుతాయి. రోడ్డు మీద రిక్షాల గంటలు, ఎక్కడో రైలు కూత. రైలంటే శౌరికి ప్రాణం, లోపల ఆ కూత వినబడితే లేచి కిటికీ దగ్గరికి పోతాడేమో, పోతే ఆవిడ ఏమనుకుంటుంది, వీడు కుదురుగా కూర్చోలేడు, వీడు మాకు పనికిరాడు అని రాసేస్తుందేమో. రాయదులే. ఇలాంటి పిల్లలతో పనిచేసే మనిషేగా. అయినా వీడు పిల్లాడు కాదుగా, అదేగా వచ్చిన చిక్కు. చిన్నప్పుడు వీధిలో ఎవరింట్లోకి దూరినా బెల్లం ముక్క పెట్టి పంపేవాళ్ళు. మీసం వచ్చాక అదే నవ్వుతో అదే ఇంటి ముందు నిలబడితే ఆడవాళ్ళు తలుపులు వేసుకుంటున్నారు. కుళాయి దగ్గర ఎవరో పిల్ల జడకున్న చామంతి పువ్వు చూసి ముట్టుకున్నాడట. పువ్వునే. దానికి పెద్దమనుషులు కూర్చున్నారు. కట్టేసి ఉంచండి, లేదా పిచ్చాసుపత్రిలో పడెయ్యండి అన్నారు. పిచ్చేంటి, వాడికి పిచ్చేంటి? పుట్టడమే ఏడవకుండా పుట్టాడు, బుద్ధి కొంచెం వెనకబడింది, అంతే. ఆ రోజు నేను తిట్టిన తిట్లకు మా ఆయన తర్వాతి ఆదివారం దాకా తలెత్తుకుని తిరగలేకపోయాడు. గుడిలో జ్ఞానోపదేశం చెప్పే ఉపదేశి ఆయన, ఉపదేశి భార్య నోరు అలా ఉండకూడదట. ఉంటుంది. ఏం చేస్తారు?

ఉప్పెన రాకపోతే ఈ డాక్టరమ్మా లేదు, ఈ బల్లా లేదు. ఇల్లు పోయింది, ఆవు పోయింది, గుడి మేడ మీదికెక్కిన మేం మాత్రం మిగిలాం. ఆ తర్వాత దేశదేశాల నుంచి దుప్పట్లూ పాలపొడీ వచ్చాయి, వాటితోపాటు ఈవిడా వచ్చింది. మా దగ్గర సూదులు వేస్తూ, అందరినీ వదిలేసి శౌరినే చూస్తూ కూర్చునేది. ఒకరోజు సిస్టరుతో చెప్పించింది, మా దేశంలో ఇలాంటివాళ్ళు పెద్దయ్యాక ఉండే ఊరే ఒకటి ఉంది, అక్కడ రొట్టెలు కాలుస్తారు, ఆవులను చూస్తారు, తోటపని నేర్చుకుంటారు, మూడేళ్ళు ఉంటే తన పని తాను చేసుకునేలా తయారై తిరిగి వస్తాడు, ఒక్కరిని తీసుకెళ్ళగలను అని. ఒక్కరిని. ఆ ఒక్కడు వీడవుతాడో కాడో ఈ గంటలో తేలుతుంది. వచ్చే వారం ఆవిడ వెళ్ళిపోతుంది. మళ్ళీ మా ఊరికి అలాంటి మనిషి ఎవరొస్తారు, ఇంకో ఉప్పెన వస్తే తప్ప? నోరు మూసుకోవే అమలమ్మా, ఏం మాటలవి. మరియ తల్లీ, తప్పు, తప్పు.

ఆ బెల్జియం ఎక్కడుందయ్యా అని అడిగితే "రోముకి పక్కనేనే" అంటాడు మా ఆయన, నిన్ననే సైకిల్ మీద పోయి చూసొచ్చినట్టు. ఆయనకి దేశాలన్నీ రోముకి పక్కనే. అక్కడ చలట, నీళ్ళు గడ్డ కడతాయట, శౌరి చొక్కా ఉంచుకోడే ఒంటి మీద. మజ్జిగ లేకపోతే ముద్ద దిగదు. ఒంటేలు వస్తే నోటితో చెప్పడు, చెవి లాక్కుంటాడు, ఆ సంగతి ఎవరికి తెలుసు? సిస్టరుకి చెప్పానా? చెప్పలేదు. లోపలికి వెళ్ళే ముందు చెప్పాల్సింది, చెవి లాక్కుంటే వెంటనే తీసుకెళ్ళండి అని. ఇప్పుడు చెవి లాక్కుంటూ ఉంటాడు, ఆవిడ చెవిపోటు అనుకుని టార్చిలైటు వేసి చూస్తుంది, ఈలోగా... దేవుడా, ఇస్త్రీ చేయించిన ప్యాంటు అది. పోనీ ఇవన్నీ అక్కడివాళ్ళు నేర్చుకుంటారు, మాటో? వాడికి వచ్చినవే గుప్పెడు మాటలు, అవీ తెలుగు మాటలు. అక్కడ అమ్మా అంటే ఎవడు పలుకుతాడు? రాత్రంతా మంచంలో ఇదే అడిగితే మా ఆయన అటు తిరిగి పడుకుని, "ఇక్కడ తెలుగొచ్చినోళ్ళు మాత్రం వాడి మాట ఎప్పుడు విన్నారే" అన్నాడు. ఉపదేశం చెప్పినన్నాళ్ళూ ఆయన నోట అంత మంచి మాట నేను వినలేదు. మరుక్షణం గుర్రు పెట్టాడనుకోండి, అది వేరే సంగతి.

వెళ్తే మంచిదే. మంచిదని తెలుసు. రేపు మేం కళ్ళు మూస్తే? కూతురు మార్త గుడివాడలో ఉంది, "మా దగ్గరుంటాడులేమ్మా" అంటుంది, అంటూ అత్తగారి వైపు చూస్తుంది. ఆ చూపు చాలదూ? తనే అక్కడ గట్టిగా దగ్గడానికి భయపడుతుంది, తమ్ముణ్ణి ఏం ఉంచుకుంటుంది? పశువుల పాకలో ఇంత చాప వేస్తారు. ఆ చాప నాకు కనబడుతూనే ఉంటుంది, అన్నం తింటున్నా కనబడుతుంది. అందుకే, మరియ తల్లీ, వాణ్ణి తీసుకునేటట్టు చెయ్యి, ఎలాగైనా వాడికి తన చొక్కా తాను తొడుక్కోవడం, తన ముద్ద తాను కలుపుకోవడం వచ్చేటట్టు చెయ్యి. అని మొక్కుతానా, పూస మారేసరికి మనసు ప్లేటు తిప్పేస్తుంది. తీసుకోకుండా చెయ్యి తల్లీ, వాడు లేకుండా ఆ ఇంట్లో నేనుండలేను. ఒక్క జపమాలలో రెండు మొక్కులు. ఆ తల్లికి కూడా ఒక్కడే కొడుకు, ఎటు చెయ్యాలో తెలియక తల పట్టుకుని ఉంటుంది.

లోపల ఏదో కింద పడింది. ఠంగుమని. స్టీలుదే. లేచాను. మా ఆయన "కూచోవే" అన్నాడు. కూర్చున్నాను. నవ్వు వినబడింది, ఆడమనిషి నవ్వు, సిస్టరుదా డాక్టరమ్మదా? ఎందుకు నవ్వారు? శౌరి తప్పు చెప్పాడా? తప్పెందుకు చెబుతాడు, అన్నీ నేర్పించాడుగా ఈయన. నెల రోజులు పొద్దునా సాయంత్రం, ఊళ్ళో పిల్లలకి జ్ఞానోపదేశం నేర్పినట్టే, ఎదురుగా నిలబెట్టి, చేతులు కట్టించి, ప్రశ్న ఈయన రాగం తీస్తూ అడగడం, జవాబు వాడు రాగం తీస్తూ చెప్పడం. నీ పేరేమి? నా పేరు బాలశౌరి. నీ వయసెంత? ఇరవై రెండండి. నీ ఊరేది? నీ తండ్రి ఎవరు? నీ తల్లి ఎవరు? నీకు కోపం వచ్చునా? రాదండి. ఎవరినైనా కొట్టుదువా? కొట్టనండి. ఏ పని చేయగలవు? ఆవుకి గడ్డి వేస్తానండి. ఆవు పోయింది కదయ్యా అంటే, జవాబు కంఠతా వచ్చేసింది, ఇప్పుడు మారిస్తే మొత్తం పోతుంది అన్నాడు. నిజమే, వాడికి ఒక్కటి తప్పితే అన్నీ తప్పుతాయి. కానీ వచ్చాక మాత్రం గడగడా చెప్పేవాడు. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి, నా కొడుకు నోట అన్ని మాటలు వరసగా వినడం. వీధిలోవాళ్ళను పిలిచి వినిపించాను. పొద్దున అవనిగడ్డ నుంచి బస్సులో వస్తుంటే పక్కన కూర్చున్న ముసలమ్మ "ఏ ఊరు నాయనా మనది?" అంది. "నా పేరు బాలశౌరి" అన్నాడు. "ఎక్కడికెళ్తన్నారు?" అంది. "ఇరవై రెండండి" అన్నాడు. నేను నవ్వాను. ముసలమ్మా నవ్వింది. కిటికీలోంచి బందరు కాలువ గాలి చల్లగా కొట్టింది, వాడూ నవ్వాడు.

అయ్యో. అయ్యో అయ్యో.

"ఏవయ్యా."

"జపం మధ్యలో ఏంటే?"

"ఆవిడ వరస మార్చి అడిగితే?"

"ఏం వరస?"

"మన ప్రశ్నల వరస! ముందు పేరు అడక్కుండా ఇంకోటి అడిగితే వాడేం చెబుతాడయ్యా?"

ఆయన చేతిలో పూస ఆగిపోయింది. "ఎవరైనా ముందు పేరే అడుగుతారే. బిషప్పుగారంతటాయన మన పిల్లల్ని పరీక్షించడానికి వచ్చినప్పుడు కూడా ఉపదేశం పుస్తకం వరసలోనే అడిగాడు" అన్నాడు గానీ ఆ గొంతులో బలం లేదు. బిషప్పుగారు మన పుస్తకం చదివిన మనిషి. ఈ డాక్టరమ్మ చదివిందా? ఈవిడ వీడి పేరు ఎప్పటినుంచో ఎరుగును, దుప్పట్లు పంచిన రోజు నుంచీ షౌరీ షౌరీ అంటూ పిలుస్తూనే ఉంది, మళ్ళీ పేరెందుకు అడుగుతుంది? మొదట కోపం సంగతే అడుగుతుంది. నీకు కోపం వస్తుందా? నా పేరు బాలశౌరి. ఎవరినైనా కొడతావా? ఇరవై రెండండి. ఇరవై రెండు మందిని కొట్టాడనుకుంటుంది తల్లీ! మీ అమ్మ ఏం చేస్తుంది? కొట్టనండి. నీకు ఏం ఇష్టం? కోపం రాదండి. ఆవిడ అంత దూరం నుంచి వచ్చింది ఇవి వినడానికా? అసలు వాడికి ఏమీ నేర్పకుండా తెచ్చినా బాగుండేది, వాడి మానాన వాడు నవ్వుతూ కూర్చునేవాడు, ఆవిడకి వాడి నవ్వే కదా నచ్చింది. మన తెలివి తెల్లారినట్టే ఉంది. ఉపదేశి ఇంట్లో ఏది నేర్పాలన్నా ప్రశ్న జవాబు, ప్రశ్న జవాబు, మార్తకి వంట కూడా ఇలాగే నేర్పాడు ఈ మహానుభావుడు, పప్పులో ముందేమి వేయవలెను అని. అది నవ్వుకుంటూ నేర్చుకుంది కాబట్టి సరిపోయింది. వీడు నమ్మాడు. నాన్న చెప్పిన వరసే లోకం వరస అనుకున్నాడు.

తలుపు దగ్గరికి వెళ్ళిపోయాను. మా ఆయన "ఒసే, ఒసే" అంటూనే ఉన్నాడు. చెవి ఆనించాను. కొయ్య వేడిగా ఉంది. లోపల మాటలు లేవు, గింజలు పోసినట్టు చిన్న చప్పుడు, మళ్ళీ ఆగి, మళ్ళీ చప్పుడు. వాడి కోసం నేనిలా చెవి ఒగ్గడం ఇది రెండోసారి. మొదటిసారి వాడు పుట్టినప్పుడు, ఏడవలేదని మంత్రసాని తిరగేసి కొడుతుంటే నేను మంచంలోంచి చెవి ఒగ్గి ఉన్నాను, ఒక్క కేక, ఒక్క కేక చాలు దేవుడా అని. కేక రాలేదు, పిల్లి కూనలా చిన్న మూలుగు వచ్చింది. బతికాడు అన్నారు. బతికితే చాలన్నాను. చాలన్నదాన్ని తర్వాత ఎన్ని అడిగాను! కూర్చుంటే చాలు, నడిస్తే చాలు, అమ్మా అంటే చాలు. గుణదల కొండ మెట్లు మోకాళ్ళ మీద ఎక్కి అడిగాను ఆ అమ్మా అనే మాట కోసం. ఆరో ఏట అన్నాడు, నన్ను కాదు, మా ఆవుని చూసి. ఆ తర్వాత నన్నూ అన్నాడులెండి. మొన్న ఉప్పెనలో ఆ ఆవు పోతే నేను మనిషి పోయినట్టు ఏడ్చాను, ఊళ్ళో వాళ్ళు శవాలు వెతుక్కుంటుంటే. ఎవరికి చెబుతాను ఎందుకు ఏడ్చానో?

గొళ్ళెం కదిలింది. గబుక్కున వెనక్కి జరిగాను. సిస్టర్ లూర్దమ్మ ఒక్కతే బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఆవిడ మొహం చూశాను. నవ్వుందా అంటే ఉంది, ఏడుపుందా అంటే అదీ ఉన్నట్టే ఉంది. మా ఆయన లేచి నిలబడి జపమాల జేబులో పెట్టబోతే అది కింద పడింది.

"ఏం చెప్పాడమ్మా మా వాడు? వరస తప్పాడా?" అన్నాను.

"వరసేం తప్పలేదండీ, అదే కదా" అని సిస్టర్ నవ్వేసింది. "ఏమన్నా తాగుతావా అని అడిగారు డాక్టరుగారు. నా పేరు బాలశౌరి అన్నాడు. రైలంటే ఇష్టమా అంటే ఇరవై రెండండి అన్నాడు. రెండు అడిగేసరికి ఆవిడకి అర్థమైపోయింది, ఎవరో పాఠం నేర్పారని. ఇంక అడగటం మానేసి, గింజలు కలిపిచ్చి వేరు చెయ్యమన్నారు, గుండీలు పెట్టుకోమన్నారు, గ్లాసులో నీళ్ళు పొయ్యమన్నారు. గ్లాసొకటి పడేశాడు, వెంటనే తనే తీసి, తడి తుడిచాడు. ఆవిడకి ఎంత నచ్చాడనుకున్నారు! తీసుకుంటానన్నారండీ."

తీసుకుంటానంది. గోడ పట్టుకున్నాను. మరియ తల్లీ, రెండు మొక్కుల్లో ఇదే విన్నావా? సంతోషమే. సంతోషం కాకపోతే ఏంటి. మా ఆయన అప్పుడే శిలువ గుర్తు వేసుకుంటున్నాడు.

"కానీ ఒకటండీ" అంది సిస్టర్. "చివర్లో ఆవిడ, నాతో మా ఊరు వస్తావా శౌరీ అని అడిగారు. రాను అన్నాడు."

"రానన్నాడా?" అన్నాడు మా ఆయన. "ఆ ప్రశ్న మేం నేర్పలేదండీ."

నేర్పలేదు. నెల రోజులు అన్నీ నేర్పాం, ఆ ఒక్కటీ నేర్పలేదు. మరిచిపోయి కాదు, అది అడుగుతారన్న ఊహే రాలేదు మా ఇద్దరికీ. వాణ్ణి ఎవరడుగుతారు, వస్తావా ఉంటావా అని? తీసుకెళ్తే వెళ్తాడు, ఉంచితే ఉంటాడు అనుకున్నాం.

"వాడి మాటకేముందండీ, వాడికేం తెలుసు" అన్నాడు ఆయన. "మేం పంపుతాంగా."

"ఆవిడ ఒప్పుకోరండీ. పెద్దవాడు, వాడి మాటే కావాలంటున్నారు. రానంటే ఇంకెవరినన్నా చూసుకోవాల్సిందే అంటున్నారు. ఎందుకు రావని అడిగానండీ నేను." సిస్టర్ నా వైపు తిరిగింది. "గాలొస్తే అమ్మకి భయం అన్నాడు. రెండుసార్లు అడిగినా అదే అన్నాడు."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఉప్పెన తర్వాత కొబ్బరాకు కదిలితే చాలు వాణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటున్నాను. పొయ్యి మీద అన్నం మాడిపోతున్నా లేవను. అడిగినవాళ్ళకల్లా, పిల్లాడు జడుసుకున్నాడమ్మా, గాలంటే వాడికి భయం, వదిలి ఉండలేడు అని చెప్పాను. ఇదే సిస్టరుకీ చెప్పాను. మా ఆయనకీ చెప్పాను, ఆయనా నమ్మాడు. వాడు మాత్రం నా పక్కన కదలకుండా కూర్చుని ఉండేవాడు, గాలి ఆగేదాకా. నేను వాణ్ణి కాపలా కాస్తున్నాననుకున్నాను తల్లీ, వాడు నన్ను కాస్తున్నాడు.

లోపలికి వెళ్ళాం. శౌరి కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు, గుండీలు పైది కిందికి, కిందిది పైకి పెట్టుకుని. నన్ను చూసి లేచాడు. డాక్టరమ్మ కిటికీ దగ్గరికి తప్పుకుని నిలబడింది.

"నాకేం భయం లేదురా అయ్యా. నువ్వెళ్ళు. బోలెడు ఆవులుంటాయంట అక్కడ" అన్నాను.

"ఉంది" అన్నాడు.

"లేదురా."

"భయం ఉంది" అన్నాడు, తల ఊపి. నా మాటకి వాడు అడ్డు చెప్పడం నేనెరుగను. ప్రపంచానికంతా జవాబులు చెప్పే నోరు పడిపోయింది.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "గాలొస్తే నేను కూచుంటాలేరా అమ్మ దగ్గర" అన్నాడు.

శౌరి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "నిద్రపోతావు" అన్నాడు.

"పోనురా. ఒట్టు." ఒట్టు పెట్టుకోవడం పాపమని ఊరందరికీ బోధించే మనిషి, పరాయి దేశపు డాక్టరమ్మ ఎదుట, సిస్టరు ఎదుట, ఒట్టు పెట్టేశాడు.

శౌరి నా దగ్గరికి వచ్చాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. తీసుకెళ్ళి వాళ్ళ నాన్న చేతిలో పెట్టాడు. పెట్టి ఊరుకోలేదు, ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ నా చెయ్యి చుట్టూ మడిచాడు, సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ మడిచాడు. "ఇట్టా" అన్నాడు. "గట్టిగా. గాలాగిందాకా." పెళ్ళిలో ఫాదరుగారు కలిపిన తర్వాత నలుగురిలో మేం చేతులు పట్టుకున్నది లేదు, ఆ ఏడుపులో కూడా నాకు సిగ్గేసింది.

అప్పుడు వాడు డాక్టరమ్మ వైపు తిరిగాడు. "వత్తా" అన్నాడు.

వద్దురా, నాకు భయమేరా, ఈయన తెల్లారేదాకా మేలుకుని కూర్చున్నా నాకు భయమేరా శౌరీ, అని గొంతుదాకా వచ్చింది. డాక్టరమ్మ నావైపే చూస్తోంది, సిస్టర్ ఇంకా ఆ మాట మార్చి చెప్పలేదు, చెప్పాలా వద్దా అన్నట్టు ఆగి ఉంది. ఒక్క మాట అంటే చాలు, ఆగిపోతుంది.

"వస్తానంటున్నాడమ్మా" అన్నాను సిస్టరుతో. "ఆవిడకి చెప్పండి."